విజయనగరంలో పాత పెంకుటిల్లు కొని బాగు చేయించుకున్నాం: మా అనుభవం

పాత ఇల్లు కొన్నామని చెప్పగానే చుట్టాలూ, స్కూల్లో నాతోటి టీచర్లూ అడిగిన మాట ఒకటే: ఎప్పుడు పడగొడుతున్నారు? పడగొట్టడం లేదు, బాగు చేయించుకుని అందులోనే ఉంటాం అంటే నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నాం కాబట్టి ఏం చేయించాం, ఏది ముందు చేయించాం, ఎందుకలా చేయించాం అన్నది రాస్తున్నాను. మా విజయనగరంలో, బొబ్బిలిలో, అటు శ్రీకాకుళంలో ఇలాంటి ఇళ్లు ఇంకా చాలా మిగిలున్నాయి. కొన్నవాళ్లు మొదటి నెలలోనే టైల్స్ షాపుకి వెళ్లిపోతున్నారు. టైల్స్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. పాత ఇంటిని పాడుచేసేది నీళ్లు. పైనుంచి కారే నీళ్లు, నేలలోంచి గోడెక్కే నీళ్లు, వీధిలోంచి లోపలికొచ్చే నీళ్లు. వాటి సంగతి తేల్చకుండా రంగులకీ, ఫాల్స్ సీలింగుకీ పెట్టిన డబ్బు మళ్లీ పెట్టాల్సిందే.

ఇల్లు కోటకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత వీధిలో ఉంది. వీధరుగు, లోపల సావిడి, దానికి అటో గది ఇటో గది, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి. ఇటుక గోడలు అడుగున్నర మందం, సున్నం కట్టుబడి. పైన బంగళా పెంకు, మధ్య దూలాలు టేకువి, వాసాలు తాటివి. పెరటి వైపు ఒక గది మాత్రం తర్వాతెప్పుడో స్లాబు వేసి కలిపారు. దస్తావేజుల్ని బట్టి అసలు ఇంటి వయసు డెబ్బై ఏళ్లు దాటింది.

కొనడం గురించి రెండు మాటలే చెప్తాను. పాత ఇంటికి వారసులు ఎక్కువమంది ఉంటారు, అందరూ తలో ఊళ్లో ఉంటారు. మా ఇంటికీ అంతే. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్టులూ చూపే ధ్రువపత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత చేతుల దస్తావేజులు, వరసగా ఉన్నాయో లేదో లాయరు చేత చూపించి, వారసుల్లో ఒక్కరి సంతకం కూడా మిగలకుండా చూసుకున్నాకే రిజిస్ట్రేషన్‌కి వెళ్లాం. బ్యాంకు లోను కోసం వచ్చిన వేల్యూయర్ స్థలానికే విలువ కట్టాడు, ఇంటికి దాదాపు ఏమీ వెయ్యలేదు. అందుకని బాగు చేయించడానికి కావలసిన డబ్బు లోనులో వస్తుందనుకోకుండా వేరే చూసుకోవాల్సి వచ్చింది. కొనేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు మా ఆయనకి తెలిసిన ఒక సివిల్ ఇంజినీరుని తీసుకొచ్చాం. ఆయన చేతిలో పెద్ద పరికరాలేం లేవు. టార్చిలైటు, నిచ్చెన, చిన్న సుత్తి, ఒక స్క్రూడ్రైవరు. ప్రతి దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూశారు. ఎందుకంటే దూలం నడిమి భాగానికి గాలి తగులుతూ ఉంటుంది, గోడలో ఇరుక్కున్న కొసకి తగలదు, గోడ చెమ్మ అంతా అక్కడే పడుతుంది. సావిడి దూలాల్లో ఒకదాని కొస దగ్గర స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. కింద నుంచుని చూస్తే అది నున్నగా, నల్లగా, నిక్షేపంగా ఉన్న దూలమే. తాటి వాసాల్ని సుత్తితో కొడుతూ చెవి పెట్టి విన్నారు. తాటి మానుకి చేవంతా బయటి వైపే, లోపల మెత్తన. చెద పడితే లోపలంతా తినేసినా పై డొల్ల గట్టిగానే కనిపిస్తుంది, కొడితే బోలు శబ్దం వస్తుంది. అలా బోలుగా మోగిన వాసాలన్నిటి మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టించారు. ఇలాంటి ఇల్లు కొనబోయేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే ఈ పరీక్ష చేయించుకోండి, ఇంజినీరుకి ఇచ్చే ఫీజు దండగ కాదు.

ఇక గోడలు. మొత్తం పనిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. గదుల్లో నేల నుంచి నడుము ఎత్తు దాకా రంగు పొరలు పొరలుగా లేచిపోయి, కింద తెల్లగా ఉప్పు పొంగి ఉంది. వేలితో రాస్తే పొడి రాలేది. చూడ్డానికి వచ్చిన ఒక కాంట్రాక్టరు, ఇదేం పెద్ద పని కాదు, పాతది చెక్కేసి వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపిన సిమెంటు పూసేస్తాం, పైన పుట్టీ పెడతాం, పదేళ్లు చూడక్కర్లేదు అన్నాడు. పదేళ్ల క్రితం ఇంకెవరో సరిగ్గా అదే మాట చెప్పి అదే పని చేసినట్టు గోడ మీద కనిపిస్తూనే ఉంది. పొంగినచోట చెక్కి చూస్తే పైన సిమెంటు పూత, దాని వెనక తడిసి ముద్దైన పాత సున్నం.

చెమ్మ గోడలోంచి వస్తోందా, గదిలో గాలి ఆడక పడుతోందా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క తీసుకుని నాలుగు పక్కలా టేపుతో గోడకి గట్టిగా అంటించి రెండ్రోజులు వదిలేయాలి. తీసినప్పుడు గది వైపు తడి ఉంటే అది గాలిలో తేమ, కిటికీలు తెరిస్తే చాలావరకు పోతుంది. గోడ వైపు తడి ఉంటే నీళ్లు గోడలోవే. మాకు గోడ వైపే బొట్లు పట్టి ఉన్నాయి. ఆ రోజుల్లో కట్టిన ఇళ్లకి పునాది మీద చెమ్మ ఆపే పొర వేసే అలవాటు తక్కువ, నేలలో నీళ్లు ఇటుక సన్న రంధ్రాల గుండా పైకి ఎక్కుతాయి, ఎక్కేటప్పుడు మట్టిలో ఉన్న ఉప్పుని కూడా తెస్తాయి. నీరు ఆవిరైన చోట ఉప్పు మిగిలి, గడ్డకట్టి, పూతని బయటికి తోస్తుంది.

నెల్లిమర్ల వైపు నుంచి ఒక పెద్ద వయసు తాపీ మేస్త్రి గారు దొరికారు. చిన్నప్పుడు తండ్రితో కలిసి సున్నం పని చేసినాయన. గోడ చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఏటమ్మా, సున్నం గోడకి సిమెంటు ఎవరు రాసీసేరు?" అని. ఎందుకు రాయకూడదో కూడా ఆయనే చెప్పారు. "సున్నం గోడ నీళ్లు తాగినా కక్కీస్తాదమ్మా. దాని నోరు సిమెంటుతో మూసీసేరు. లోపల నీరు ఇంకెటు పోద్ది, పైకే ఎక్కుతాది." ఇంజినీరు గారూ ఇదే అన్నారు. సిమెంటు పూత చెమ్మని అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు, అందుకే అడుగెత్తులో ఆగాల్సిన తడి నడుము ఎత్తుకి వచ్చింది.

అందుకని నేల నుంచి నాలుగడుగుల దాకా సిమెంటంతా చెక్కించేశాం. సుత్తి గట్టిగా వేస్తే ఇటుక ముక్కలవుతుంది కాబట్టి చిన్న ఉలితో నెమ్మదిగా పని జరిగింది. బయటపడ్డ ఉప్పుని నీళ్లతో కడగనివ్వలేదు, కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, ఊడ్చి, ఆ పొడిని ఇంటి బయటికి పంపేశాం. తర్వాత గోడల్ని అలాగే వదిలేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి వేసవంతా ఆరనిచ్చాం. ఈ ఆరబెట్టడం దగ్గరే అందరికీ ఓపిక చచ్చిపోతుంది. మా అత్తయ్య వచ్చి చూసి, ఇల్లు కొన్నారా గోడలు చెక్కుకోడానికి కొన్నారా అని దిగులుపడ్డారు. కానీ తడి గోడ మీద ఏం పూసినా నిలవదు.

అదే సమయంలో పెరట్లో గొయ్యి తీసి సున్నం నానబెట్టారు. ముడి సున్నం మీద నీళ్లు పడగానే సలసలా మరిగిపోతుంది, చింది కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పిల్లల్ని ఆ రోజు మా అమ్మవాళ్లింటికి పంపేశాను. మేస్త్రి గారూ కళ్లద్దాలూ తొడుగులూ లేకుండానే దిగబోతుంటే మా ఆయన బలవంతంగా పెట్టించారు. దాదాపు నెల నానాక సున్నం వెన్నలా తేరింది. జల్లించిన ఏటి ఇసుక మూడు పాళ్లు, సున్నం ఒక పాలు, అందులోకి కరక్కాయ, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లు. బెల్లం ఊరిన ఆ పుల్లటి వాసన పెరడంతా ఉండేది. మొదటి పూత పల్చగా వేశారు, అది గోడలో మిగిలిన ఉప్పుని లాక్కోడానికే, కొన్నాళ్లాగి దాన్ని తీసేశారు. తర్వాత రెండు పూతలు, రెంటికీ మధ్య ఎడం ఇచ్చి, తడి గోనె పట్టాలు వేలాడదీసి. సున్నం సిమెంటులా నీళ్లతో గట్టిపడదు, గాలిలోని కార్బన్ డయాక్సైడుని పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, గబగబా ఎండిపోతే బీటలిస్తుంది. సన్న బీట కనిపిస్తే మేస్త్రి గారు బొటనవేలి గోరు గుచ్చి చూసేవారు. గోరు గుర్తు పడితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు, చెక్కపలకతో గుండ్రంగా రుద్దితే బీట మూసుకుపోయేది. పైన ఎమల్షన్ పెయింటు వెయ్యలేదు, వెల్ల వేయించాం. ప్లాస్టిక్ రంగు వేస్తే మళ్లీ గోడ నోరు మూసినట్టే.

గోడ లోపలి పని ఒక్కటే చేస్తే సగమే. తడి ఎక్కడినుంచి వస్తోందో ఆ సంగతి కూడా చూడాలి. మా వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, ఒకప్పుడు వీధరుగు ఎక్కడానికి మెట్లుండేవట, ఇప్పుడు ఒక్క మెట్టు మిగిలింది. రోడ్డు లేచిన కొద్దీ ఇల్లు పల్లమైపోయింది. పైగా ఇంటి చుట్టూ గోడకి ఆనించి కాంక్రీటు పరిచారు, అందువల్ల నేలలో తడి బయటికి పోయే దారి లేక గోడల్లోకే ఎక్కింది. గోడ వెంబడి రెండడుగుల మేర ఆ కాంక్రీటు పగలగొట్టించి, లోతు తక్కువగా కాలవ తీసి, చిల్లుల పైపు వేసి, పైన గులకరాళ్లు నింపి వీధి కాలవ వైపు వాటం ఇచ్చాం. పునాది అడుగు కన్నా లోతుకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తవ్వనివ్వకూడదు, పునాది జారుతుంది. చూరు నీళ్లు గోడ పక్కనే పడకుండా చూరు పొడవునా పీవీసీ గట్టర్ పెట్టించి, ఆ నీళ్లని దూరంగా పెరట్లో మొక్కల వైపు మళ్లించాం.

పైకప్పు జూన్ రాకముందే పూర్తవ్వాలని పట్టుబట్టాం. పెంకంతా దింపి, ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూశారు. ఖంగుమంటే మంచిది, డప్మంటే పగులున్నట్టు. చాలావరకు పాతవే పనికొచ్చాయి, తక్కువ పడినవి ఊళ్లో పడగొడుతున్న ఇంకో ఇంటి దగ్గర కొన్నాం. పాత పెంకు కొనేటప్పుడు మన పెంకు ఒకటి చేతిలో పట్టుకెళ్లి గాడి సరిపోయిందో లేదో పెట్టి చూడాలి, ఒక్కో కంపెనీ అచ్చు ఒక్కోలా ఉంటుంది. బోలు వాసాలు తీసి చేవ ఉన్న తాటి వాసాలు వేయించాం, పెంకు బద్దలు మొత్తం మార్చాం. పుచ్చిన దూలాన్ని పూర్తిగా తీయలేదు. సరుగుడు బాదులు కింద నిలబెట్టి బరువు మోయించి, పాడైన కొస మాత్రం కోసేసి, రెండు పక్కలా ఇనుప చానల్ పెట్టి బోల్టులు బిగించారు. గోడలోకి వెళ్లే చోట చుట్టూ కాస్త ఖాళీ వదిలారు, గాలి ఆడాలని. సావిడి మధ్యలో నాలుగు అద్దం పెంకులు వేయించాం, పగలు లైటు అక్కర్లేదు.

మా వైపు పెంకుటింటికి వాన కన్నా గాలి భయం ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విజయనగరంలో ఎన్ని కప్పులు లేచిపోయాయో చూసినదాన్నే, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చేసిన నష్టమూ తెలుసు. గాలి ముందు అంచు పెంకుల కింద దూరి లేపుతుంది, ఒక వరస లేచాక మిగతావి ఆగవు. అందుకని చూరు వరసలూ, కొప్పు వరసా, పక్క అంచులూ జీఐ తీగతో (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) బద్దలకి కట్టించి, కొప్పు సున్నంతో బిగించాం.

చెదల మందు గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. గోడా నేలా కలిసేచోట అడుగుకొకటి చొప్పున చిల్లులు వేసి మందు పోస్తారు, అది మంచి పద్ధతే. కానీ పెరట్లో నుయ్యి ఉంది, మేం ఆ నీళ్లు వాడతాం. నూతి వైపు గోడకి మందు పోయనివ్వలేదు, అటువైపు చెక్క గుమ్మాలకి మాత్రం పూత పూయించి, మట్టి గూళ్లు లేచాయేమో నేనే కనిపెట్టి చూస్తున్నాను. కుర్రాళ్లు వచ్చి గబగబా నాలుగు వైపులా పోసి వెళ్లిపోతారు, ఇంటివాళ్లు పక్కన నిలబడి చెప్పాలి. నుయ్యి పూడిక తీయించేటప్పుడూ అంతే. చాన్నాళ్లు మూతపెట్టి ఉన్న నూతిలో గాలి చెడి ఉంటుంది. పంపుతో నీళ్లు తోడించి, వెలుగుతున్న దీపం తాడుకి కట్టి అడుగు దాకా దింపి, అది ఆరకుండా ఉందని చూశాకే, నడుముకి తాడు కట్టి మనిషిని దింపారు. దీపం ఆరితే దిగడం లేదు, అంతే, ఎవరెంత ధైర్యం చెప్పినా సరే.

వైరింగు చూస్తే చెక్క బద్దల మీద పోయిన పాత తీగలు, గుడ్డ టేపు చుట్టిన జాయింట్లు, ఎర్తు అన్నదే లేదు. మొత్తం పీకించేశాం. గోడల్లో గాడులు కొట్టి పైపులు దాస్తామన్నారు గానీ పాత సున్నం గోడకి గాడి కొడితే ఇటుక కదులుతుంది, అందుకని పైపులు పైకే కనిపించేలా వరసగా వేయించాం, అదీ బాగానే ఉంది. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, గీజరుకీ ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. పెరట్లో గోడకి ఎడంగా ఎర్తు గొయ్యి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు. తడి గోడలున్న ఇంట్లో ఇది ప్రాణం కాపాడే వస్తువు, డబ్బు తగ్గించుకోవాలంటే ఫ్యాన్లలో తగ్గించుకోండి.

తలుపులూ ద్వారబంధాలూ మంచి టేకువి, వాటి మీద ఎన్ని సార్లు ఎనామిల్ పూశారో లెక్కలేదు. వాటిని మిషను పెట్టి పొడిగా గీకిస్తామని వడ్రంగి అన్నప్పుడు వద్దన్నాను. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన ఎనామిల్లో ఎంతుందో ఎవరు చెప్పగలరు? ఆ దుమ్ము చిన్నపిల్లల మెదడుకి మంచిది కాదు. అందుకని నీళ్లు చల్లి, తడిగా ఉంచి, రేకుతో గీకించి, పెచ్చుల్ని సంచుల్లో కట్టించాం. వీధి గుమ్మం మీద పసుపు రంగు కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, అన్నిటి కిందా చెక్కిన తీగలూ పూలూ బయటపడ్డాయి. వడ్రంగి పని ఆపేసి మా అందర్నీ పిలిచి చూపించాడు. దానికి లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తప్ప ఏమీ పూయలేదు.

సావిడిలో ఎర్ర గచ్చు ఉంది. నలుగురూ టైల్స్ వెయ్యమన్నారు, నేను ఒప్పుకోలేదు. కడగడానికి యాసిడ్ తెస్తే గచ్చు తినేస్తుంది, సబ్బు నీళ్లతో కడిగించి, బీటలకి ఎర్ర ఆక్సైడ్ కలిపి పూడ్చి, మైనం పెట్టి కొబ్బరి పీచుతో రుద్దించాం. వంటింట్లో మాత్రం కడప బండ వేయించాం. పైపులన్నీ తుప్పు పట్టిన జీఐవి కావడంతో వేడినీళ్లకి సీపీవీసీ, మిగతావాటికి యూపీవీసీ ప్లాస్టిక్ పైపులు మార్పించాం.

ఆ వానాకాలం మొదటి పెద్ద వాన రాత్రి పడింది. మా ఆయనా నేనూ టార్చి పట్టుకుని గది గదీ తిరిగి చూశాం. వంటింటి మూల ఒక్కచోట కారింది, పొద్దున్నే పెంకు సర్దించాం. గోడలు అడుగెత్తు దాకా కాస్త రంగు మారుతున్నాయి, ఎండ రాగానే ఆరిపోతున్నాయి. మేస్త్రి గారు అంతే ఉంటుందని ముందే చెప్పారు. రెండుమూడేళ్లకోసారి వెల్ల వేసుకోవాలి, ఏటా వేసవిలో పెంకు చూపించుకోవాలి. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలంతా మా ఇంట్లోనే దిగారు. పడగొట్టమన్న మా పెద్దమామయ్య అరుగు మీద పడుకుని, ఈ ఇంట్లో చల్లగా ఉందే అన్నారు.

ఇంకా పెరటి స్లాబు గది పని ఉంది. పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి, ప్రస్తుతానికి అందులో ఎవర్నీ పడుకోనివ్వడం లేదు. వదులైన కాంక్రీటంతా రాల్చి, చువ్వల తుప్పు వైర్ బ్రష్షుతో గీకి, జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ మోర్టార్‌తో పూడ్చాలని ఇంజినీరు చెప్పారు. చువ్వ సగానికి పైగా తినేసిన చోట కొత్తది కట్టాలట. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి, ఎండలు ముదరకముందే ఆ గది పూర్తిచేసి, పిల్లలకి చదువుకునే గదిగా ఇవ్వాలని ఉంది.